ఏడో హాజిరీ

బగ్దల్‌లో యశోద తన కొడుకును పిలవడం వింటే కొత్తవాళ్లకు నవ్వొస్తుంది. వాడు ఇరవై నాలుగేళ్ల పిల్లగాడు. బీదర్‌లో గాంధీ గంజ్ వెనక వెల్డింగ్ దుకాణం పెట్టుకున్నాడు. అలాంటివాణ్ని పట్టుకుని తెల్లారగానే "మామా, లేవుండ్రి, పొద్దెక్కింది" అంటుంది. పళ్లెం ముందు పెట్టి "తినుండ్రి మామా, చల్లారుతది" అంటుంది. వాడేమైనా తక్కువ తిన్నాడా, గొంతు బరువు చేసుకుని "పెట్టు కోడలా, పెట్టు" అంటాడు.

ఇది వేళాకోళానికి మొదలైంది కాదు. వాడికి పెట్టింది తాత పేరు, జీవరాజ్ అని. మామ పేరు కోడలి నోట రాకూడదు. ఆ ఇంట్లో అది గట్టి పట్టింపు. నిజానికి ఆ మామను యశోద చూసింది కూడా లేదు, ఆమె కాపురానికి వచ్చేనాటికే ఆయన సముద్రంలో పోయి పాతికేళ్లు దాటింది. అయితే ఏం, పేరు పేరే. రేషన్ కార్డు కాడ గుమాస్తా కొడుకు పేరు అడిగితే పక్కనున్నావిడను మోచేత్తో పొడిచి చెప్పించింది. బడిలో చేర్పించడానికి మొగుడు సిద్దప్ప లారీ డ్యూటీ మానుకుని మరీ పోయాడు. కన్నతల్లి అయ్యుండి యశోద ఆ పిల్లవాణ్ని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవలేదు. మామా అనే పిలిచింది.

పిల్లవాడికి ఇంకో అలవాటు ఉంది. ఎంత ఆకలి మీదున్నా రొట్టెలో చివరి బుక్క తినడు. చిన్నప్పుడు "ఇది అమ్మ బుక్క" అని తల్లి నోట్లో పెట్టేవాడు. పెద్దయ్యాక సిగ్గుపడి డబ్బాలోనే వదిలేసి తెస్తాడు. రాత్రి డబ్బా కడిగేముందు యశోద ఆ ఎండిపోయిన ముక్కను నమిలి మింగుతుంది. ఎవరితోనూ అనదు గానీ రోజంతా ఆమె ఎదురుచూసేది దానికోసమే.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది, అత్త రాచమ్మ. డెబ్బై అయిదు దాటాయి. మెడలో పుస్తెలు, నుదుట రూపాయంత బొట్టు. మొగుడు యుద్ధ ఓడ మీద తోపుల పనిలో, అంటే ఫిరంగులు పేల్చే పనిలో ఉండేవాడు. ఆమెకు ఇరవై ఏళ్లప్పుడు, సిద్దప్ప ఇంకా పాలు తాగే పిల్లాడప్పుడు తార్, టెలిగ్రాం వచ్చింది. దాన్ని చదివిన పోస్టుమాస్టరు ఒకటే మాట చెప్పాడు, లాపతా. రాచమ్మ ఆ మాటను పట్టుకుంది. లాపతా అంటే జాడ తెలియలేదని, చచ్చిపోయాడని కాదు. అందుకే గాజులు తీయలేదు. పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు ఆయన పేరు మీద బియ్యం ఇవ్వనీయలేదు. తూర్పు గోడకున్న పాత దర్వాజాను ఇటుకలు పెట్టి మూసేసిన రోజున మాత్రం, "ఆయన వస్తె ఎట్లొస్తడు మరి" అని ఏడ్చిందట. అది యశోద కాపురానికి రాకముందు సంగతి.

ఇలా ఎవరి పట్టింపులతో వాళ్లు బాగానే బతుకుతున్నారు. అంతలో తోపు వచ్చింది.

అది మన బీదర్ కోట మీద పడుండే నవాబుల కాలపు తోపు కాదు. ఓడ తోపు. దాన్ని తెప్పించింది నిర్ణా ఊరి పీరప్ప. ఆయన, పెద్ద జీవరాజ్ ఒకే ఓడలో, ఒకే తోపు దగ్గర పనిచేశారు. ఆ ఓడ ముసలిదై, దాన్ని ముక్కలు చేసి పాత ఇనుముకు అమ్మేసినా తోపును మాత్రం విశాఖ రేవులో ఒక మూలన పడేశారు. ఎండకీ వానకీ ఏళ్లకేళ్లు అక్కడే పడుంది. పీరప్ప మాజీ సైనికుల సంఘం తరఫున నాలుగేళ్లు కాగితాలు పెట్టి, దాని మీది నంబరు చెప్పి, అదే కావాలని పట్టుబట్టి తెప్పించాడు. జూన్ నెలలో పెద్ద ట్రాలీ మీద వచ్చింది. బగ్దల్ బయట, బీదర్ రోడ్డు పక్కన గద్దె కట్టి నిలబెట్టారు. పొడుగు రెండు నిలువుల పైనే. మూతిలో చెంబు పట్టేంత బెజ్జం. రెండు పక్కలా రెండు ఇనుప కుర్చీలు, కుర్చీల ముందు తిప్పే చక్రాలు. చక్రాలు తుప్పుకు బిగిసిపోయి ఎవరికీ కదల్లేదు. ఎడమ కుర్చీ పెద్ద జీవరాజ్‌ది.

పక్కన నల్లరాయి పాతి, తోపు చరిత్రంతా కన్నడంలో చెక్కించారు. కింద ఆ తోపు దగ్గర నిలిచిన ఏడుగురి పేర్లు. ఆరు చెక్కారు. ఏడో వరుస ఖాళీగా వదిలారు, ఎందుకంటే రాచమ్మ ఒప్పుకోలేదు. "పేరు రాయికెక్కితే మనిషి పోయినట్టే" అని తలుపేసుకుంది.

ఆ రోజు నుంచి యశోదకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. అత్తేమో తన మంచాన్ని మూసేసిన దర్వాజా పక్కకు జరుపుకుంది. పొద్దుమూకగానే లేచి కూర్చుని గోడకేసి చూస్తుంది. ఊరి పిల్లలు తోపు మూతికి నోరు ఆనించి ఎవరి పేరు వాళ్లు అరుస్తున్నారు, పేరు గుండ్రంగా తిరిగి వస్తుంటే కేరింతలు కొడుతున్నారు. ఒకరోజు కొడుకు వచ్చి నవ్వుతూ చెప్పాడు. "అందరి పేర్లు తిరిగొస్తున్నయమ్మా. నాది మాత్రం రాలే. మూడుసార్లు అరిచిన. దానికి నచ్చినట్టుంది, ఉంచుకున్నది."

యశోద నవ్వలేదు. "ఇంకోసారి అరిస్తే కాళ్లు ఇరగ్గొడ్త మామా" అంది.

పిల్లల గోల పడలేక సంఘంవాళ్లు తోపు మూతికి ఇనుప పలక వేసి మూసేయాలనుకున్నారు. పంద్రాగస్టు పొద్దున జెండా, ప్రారంభం. ఆ పని చేయాల్సింది ఎవరు, ఊళ్లో ఉన్న ఒక్క వెల్డింగ్ మనిషి. జీవరాజ్.

ఆగస్టు పద్నాలుగు సాయంత్రం ముసురు పట్టింది. యశోద డబ్బాలో నాలుగు జొన్నరొట్టెలు, కందిపప్పు పెట్టుకుని, కొంగు నెత్తిన కప్పుకుని తోపు దగ్గరికి వెళ్లింది. సిద్దప్ప లారీ మీద దూరం పోయాడు. ఊళ్లో కరెంటు లేదు. కొడుకు దుకాణం నుంచి తెచ్చిన జనరేటర్ దడదడమంటోంది. తోపు చుట్టూ వేసే కంచె పని అయిపోయింది, ఇంక మూతి పలక ఒక్కటే మిగిలింది. పలక గద్దెకు ఆనించి ఉంది. వాడు తోపు అవతలి పక్క కూర్చుని మూతి అంచు తుప్పు గీకుతున్నాడు.

"డబ్బా ఆడ పెట్టమ్మా. అర గంటల అయిపోతది," అన్నాడు.

యశోద డబ్బాను గద్దె అంచున పెట్టింది. రాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు పట్టుకుని పీరప్ప కూర్చున్నాడు. ఆమెను చూసి దగ్గరికి రమ్మన్నాడు.

"యశోదమ్మా, మీ అత్తకు నువ్వన్న చెప్పు బిడ్డా. రాయి మీద ఆయన పేరు ఎక్కనియ్యమను."

"ఆమెకు చెప్పేటంత దాన్నా పీరప్పయ్యా?"

"చెప్పాలె. ఎందుకో చెప్త, విను." ఆయన గొంతు తగ్గించాడు. జనరేటర్ చప్పుడుకు యశోద వంగి వినాల్సి వచ్చింది. "ఆ రాత్రి పెద్ద అల కొట్టింది. తోపు మీదికెళ్లి పోయింది. అల పోయినంక చీకట్ల హాజిరీ తీసిండ్రు. ఒక్కొక్కని పేరు పిలుస్తుంటే హాజర్, హాజర్ అంటున్నం. నీ మామ పేరొచ్చింది. పలుకలే. కక్కుకోనీకి పక్కకు పోయిండేమో అనుకున్న. పలుకకుంటే సజా పడ్తది. దోస్తు గదా అని..."

గొడుగు ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఆయనకు బదులు నేను హాజర్ అన్న."

యశోదకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కొడుకున్న వైపు చూసింది.

"ఏడుగురు ఉన్నరు అని రాసుకున్నరు. ఓడ ముందుకే పోయింది. గంటకు గాని తెల్వలే. మళ్లి పోయి ఎంత ఎతికినా నీళ్లే. బదులు పలికి ఆయన్ను నేనే ఆడ ఇడిసిపెట్టిన. ఎవ్వరికి చెప్పలే. ఇప్పుడు మిగిలింది నేనొక్కన్నే." పీరప్ప తోపు వైపు చూడకుండా చేత్తో చూపించాడు. "అది రేవుల పడి ఉన్నన్నాళ్లు పొద్దుమూకితె దాని పక్కకు ఎవ్వరు పోకపోదురట. హాజిరీ తీసినట్టు ఇనపడ్తదట. ఏడో పేరు కాడ ఆగిపోతదట. పేరు రాయికెక్కితే లెక్క సరిపోతదమ్మా. అందుకే ఇంత దూరం తెప్పించిన."

అంతలో జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"డీజిల్ అయిపోయినట్టుంది," అన్నాడు కొడుకు అవతలి నుంచి. "చూస్త."

చప్పుడు పోయాక చుట్టూ ఉన్నదంతా ఒక్కసారి వినబడింది. పలక మీద ముసురు, ఎక్కడో లారీ హారన్. తర్వాత అదీ ఆగింది. కంది చేలలోంచి కప్పలు అరుస్తూ ఉండాల్సిన కాలం, ఒక్కటీ అరవలేదు. వాసన ఒకటి వచ్చింది. సంతలో ఎండు చేపలమ్మే వరసలో వచ్చే వాసన, తడి ఇనుము, ఇంకేదో ఉప్పదనం... యశోద జన్మలో సముద్రం చూడలేదు. చూడకపోయినా ఆ వాసన దేనిదో ఆమెకు తెలిసిపోయింది.

తోపులోంచి ఒక గొంతు వచ్చింది. గట్టిగా లేదు. చాలా లోపలి నుంచి, రాసుకునే పుస్తకం ముందు పెట్టుకుని పిలిచినట్టు, ఒక పేరు పిలిచింది. మన పక్క పేరు కాదు.

"హాజర్." ఇంకో గొంతు.

మళ్లీ పేరు. "హాజర్."

యశోద లెక్కపెట్టాలనుకోలేదు. దానంతట అదే లెక్క నడిచింది. మూడు... నాలుగు... అయిదు...

"పీరప్ప."

ముసలాయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచే మాట బయటపడింది. "హాజర్."

ఇంక ఒకటే మిగిలింది. యశోద అరవాలనుకుంది, పలకొద్దని కొడుక్కి చెప్పాలనుకుంది. నాలుక కదల్లేదు.

"జీవరాజ్."

వాడికేం తెలుసు. ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పిలిచేవాళ్లంతా దుకాణానికి వచ్చే గిరాకీలే. వాడు డీజిల్ డబ్బా మూత తిప్పుతూ, గిరాకీకి చెప్పినట్టే చెప్పాడు.

"ఆఁ, ఈడ్నే ఉన్న."

డీజిల్ డబ్బా కింద పడిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

పీరప్ప సెల్‌ఫోన్ లైటు వేశాడు. కొడుకు ఎడమ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీపు నిటారుగా ఉంది. కళ్లు చీకట్లో ఎక్కడో చాలా దూరంలో ఉన్నదాన్ని చూస్తున్నాయి. చేతులు చక్రం మీద ఉన్నాయి. ఎవరికీ కదలని చక్రం తిరుగుతోంది. కిర్రుమనలేదు... నూనె పెట్టినట్టు తిరుగుతోంది. తోపు మూతి మెల్లగా ఊరి వైపు మళ్లుతోంది.

"పిలువు బిడ్డా," పీరప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "తల్లివి, నువ్వు పిలిస్తే మళ్లుతడు. పేరుపెట్టి పిలువు. పేరే పెట్టాలె, ఇంకోటి అనకు."

యశోద నోరు తెరిచింది. పేరు తెలుసు. ఎవరికి తెలియదు? మనసులో ఎన్నిసార్లు అనుకుంది. కానీ కాపురానికి వచ్చినప్పటి నుంచి గొంతు దగ్గర ఒక గడియ వేసి ఉంది. జీ... అనబోయింది. అత్త ముఖం కనబడింది. చక్రం ఇంకో చుట్టు తిరిగింది. భయంతో, ప్రేమతో, ఏం చేయాలో తోచక, రోజూ నోట్లో నానిన మాటే బయటికి వచ్చేసింది.

"మామా... ఇంటికి రాండ్రి."

చక్రం ఆగింది.

కుర్చీలోంచి వాడు లేచాడు. గద్దె మెట్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ దిగి, ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. అదే ముఖం, అదే చొక్కా, మోచేతి మీద నిప్పురవ్వ కాల్చిన అదే మచ్చ. యశోద వాణ్ని తడిమి తడిమి ఏడ్చింది. నీళ్లు కారుతున్నాయి వాడి ఒంటి మీంచి. ముసురుకు అంత తడవడు మనిషి.

"ఏం పిలిచినవమ్మా?" పీరప్ప వెనక నుంచి గొణుగుతున్నాడు. "ఎవర్ని పిలిచినవ్?"

ఆమె వినిపించుకోలేదు. బిడ్డ దక్కాడు, అంతే. రొట్టెల డబ్బా కూడా మరిచిపోయి చేయి పట్టుకుని నడిపించింది.

దారిలో చేయి విడిపించుకుని వాడే ముందు నడిచాడు. కాళ్లు ఎడంగా వేస్తూ, కింద నేల కదులుతున్నట్టు ఆచితూచి. జేబులో ఫోను మోగింది. వాడు ఉలిక్కిపడి గుండె మీద చేయి వేసుకుని నిలబడిపోయాడు. అది ఎలా ఆపాలో తెలియనట్టు, మోగడం ఆగేదాకా అలాగే ఉన్నాడు. ఇల్లు వచ్చింది. వాడు ముందు గేటు వదిలేసి, గోడ వెంబడి తూర్పు పక్కకు తిరిగాడు. సున్నం వేసిన గోడ ముందు ఆగాడు. అరచేత్తో తట్టాడు.

"దర్వాజా ఏది?" అన్నాడు. గొంతు మోటుగా ఉంది.

లోపల మంచం కిర్రుమంది. రాచమ్మ దీపం పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చింది. వాణ్ని చూసింది. రోజూ "ఏరా పోరగా" అని పిలిచే మనవణ్ని చూసి, కొంగు నెత్తి మీదికి లాక్కుని తల వంచుకుంది. ముసలిదాని ముఖం కొత్త పెళ్లికూతురి ముఖమైంది.

"ఇన్నొద్దులాయె," అంది. కోడలి వైపు తిరక్కుండానే చెప్పింది. "యశోదా, నీ మామకు కాళ్లకు నీళ్లియ్యి."

యశోద పరుగెత్తింది. వచ్చిన దారినే వెనక్కి. చెప్పు ఒకటి బురదలో ఊడిపోయింది, ఆగలేదు. పేరుపెట్టి పిలువు అన్నాడు ముసలాయన. నేనేం పిలిచిన? ఎవర్ని తెచ్చుకున్న? ఎవర్ని ఇడిసిపెట్టిన?

పీరప్ప రాయికి నుదురు ఆనించి కూర్చుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు, తలెత్తలేదు. జనరేటర్ ఆగే ఉంది. తోపు మూతికి పలక అతికి ఉంది. చుట్టూ వెల్డింగ్, సన్నటి అతుకు, వాడి చేతి పనే. యశోద తాకింది. చుర్రుమంది. ఇనుము ఇంకా కాలుతోంది.

అయినా చెవి పెట్టింది.

టక్... టక్... లోపలి నుంచి ఎవరో వేలి కణుపుతో కొడుతున్నారు.

"అమ్మా."

చెంబు మాత్రమే పట్టే గొట్టం అది. అందులోంచి తన బిడ్డ పిలిచాడు. ఆమె గొంతు దగ్గరి గడియ అప్పుడు ఊడిపోయింది. "జీవరాజ్," అంది. ఎంత సులువుగా వచ్చింది. "జీవరాజ్. నా అయ్యా, జీవరాజ్."

"ఆఁ, ఈడ్నే ఉన్న."

మళ్లీ పిలిచింది. మళ్లీ పలికాడు, ఇంకొంచెం లోపలి నుంచి. మూడోసారి పిలిస్తే ఆ పలుకు చాలా దూరం నుంచి వచ్చింది. దాని వెనక నీళ్ల చప్పుడు ఉంది.

తెల్లారి నవనాథ్ వచ్చాడు. దుకాణంలో కొడుకుతో కలిసి పనిచేసేవాడు. యశోద కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే, జెండా మనుషులు వస్తుండగానే గ్రైండర్‌తో పలక కోయసాగాడు. పలక వేయించిన సంఘంవాళ్లు తిట్టారు. "నీ కొడుకు ఆ వరుసల ఉన్నడు గదనమ్మా" అన్నారు. నిజమే, అప్పటికే తెల్ల చొక్కా వేసుకుని, రాచమ్మ పక్కన, మాజీ సైనికుల వరుసలో నిటారుగా నిలబడి ఉన్నాడు. ఆ వరుసలో పీరప్ప లేడు. రాత్రి నుంచి ఆయనకు మాట పడిపోయింది.

పలక ఊడింది. లైటు వేసి చూశారు. లోపల పొడిగా, ఖాళీగా ఉంది. చేయి అందేంత దూరంలో ఏదో మెరిసింది. నవనాథ్ భుజం దాకా చేయి పెట్టి బయటికి లాగాడు.

"ఇది మనోని డబ్బా గదా అక్కా. వెల్డింగ్ చేసినంక లోపలికెట్ల పోయింది?"

యశోద మూత తీసింది. రొట్టెలు లేవు, పప్పు లేదు. అడుగున ఒక్క ముక్క ఉంది. చివరి బుక్క.

వెనక జెండా పాట మొదలైంది. వరుసలోంచి తెల్ల చొక్కా ఆమె వైపే చూస్తోంది. యశోద ఆ ముక్కను నోట్లో పెట్టుకుంది. ఆమె ఎన్నడూ జొన్నపిండిలో ఉప్పు వేయదు.

నోరంతా ఉప్పయింది.